పేరు తెలియని సరుకు, పలకని కంప్యూటరు
(అనంతపురంలో చిన్న వ్యాపారులు, వాణిజ్యశాస్త్ర విద్యార్థుల ఉమ్మడి సభలో ఒక ఆడిటరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, వ్యాపార మిత్రులకు, వాణిజ్యశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

పెద్ద కంపెనీల మీద సైబర్ దాడులు ఎందుకు పెరుగుతున్నాయో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను కంప్యూటరు ఇంజనీరును కాను, లెక్కలు తనిఖీ చేసే ఆడిటరును. అందువల్ల ఈ విషయాన్ని నాకు తెలిసిన వైపు నుంచి, అంటే సరుకు, బిల్లు, స్టాకు రిజిస్టరు వైపు నుంచి చెబుతాను. నా అభిప్రాయం ముందే మీ ముందు పెడతాను. గత పదేళ్లలో జరిగిన పెద్ద దాడులలో చాలావాటిలో దొంగలు గోదాములోని సరుకును ముట్టుకోలేదు, గల్లాపెట్టె కూడా తెరవలేదు. ఏ వస్తువు ఏది, అది ఎక్కడ ఉంది, ఎవరికి చేరాలి, ఇప్పుడు ఫోనులో అడుగుతున్న మనిషి ఎవరు అని గుర్తుపట్టే ఏర్పాటును పట్టుకున్నారు. ఆ ఏర్పాటు పోతే నిండు గోదాము కూడా అమ్ముకోవడానికి పనికిరాదు. దాన్ని కాపాడడం యజమాని స్వయంగా పట్టించుకోవలసిన పని అని మీకు నచ్చజెప్పడానికే వచ్చాను. ఈ గుర్తింపు ఏర్పాటు ఎలా ఉంటుందో తెలియాలంటే, నోరు తిరగని పేర్లున్న ఇంటి సామాను దగ్గర మొదలుపెట్టడం మంచిది.

హైదరాబాదు హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న ఇంటి సామాను అమ్మే ఐకియా దుకాణం తెరిచారు. మన జిల్లా నుంచి వెళ్లి చూసివచ్చినవారు ఈ సభలోనే కొందరు ఉంటారు. అక్కడ పుస్తకాల అర పేరు బిల్లీ, సోఫా పేరు క్లిప్పన్, కుర్చీ పేరు పోయెంగ్. ఈ పేర్లు వినేవారికి వింతగా ఉంటాయి కానీ, వాటి వెనుక గట్టి క్రమం ఉంది. 1943లో, 17 ఏళ్ల వయసులో ఆ సంస్థను స్థాపించిన స్వీడన్ దేశస్థుడు ఇంగ్వర్ కాంప్రాడ్‌కు చదవడంలో, రాయడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా ఉండేది. సరుకుల సంఖ్యలను గుర్తుపెట్టుకోవడం ఆయనకు కష్టమయ్యేది. అందువల్ల ప్రతి వస్తువుకూ ఒక పేరు పెట్టించారు. సోఫాలకు స్వీడన్ ఊళ్ల పేర్లు, మంచాలకు నార్వే ఊళ్ల పేర్లు, తివాచీలకు డెన్మార్క్ ఊళ్ల పేర్లు, స్నానాల గది సామానుకు నదుల పేర్లు, సరస్సుల పేర్లు పెట్టడం ఆనవాయితీ అయింది. పేరు వినగానే అది ఏ విభాగపు వస్తువో దుకాణం మనిషికి తెలిసిపోతుంది.

అయితే ఆ పేరు మనుషుల కోసం. యంత్రం కోసం ప్రతి వస్తువుకూ 8 అంకెల సంఖ్య వేరే ఉంటుంది. ప్రదర్శన గదిలో సోఫాకు కట్టిన చీటీని దగ్గరగా చూసినవారికి అందులో పేరు, ధర, ఆ సంఖ్యతో పాటు గోదాములో ఏ వరుసలో, ఏ అరలో ఆ పెట్టె ఉంటుందో కూడా రాసి కనబడుతుంది. కొనేవాడు దాన్ని రాసుకుని కిందికి వెళ్లి, తన పెట్టెను తానే తీసుకుంటాడు. అంత పెద్ద దుకాణం అంత తక్కువమంది గుమాస్తాలతో నడవడానికి ఆ చీటీయే కారణం. చీటీలోని సమాచారం మాత్రం చీటీలో పుట్టలేదు, ఎక్కడో ఉన్న సర్వరు అనే కేంద్ర కంప్యూటరులో ఉంటుంది.

మన పాతూరు బట్టల అంగళ్లలో, ధర్మవరం చీరల దుకాణాలలో పాత తరం వ్యాపారులు పాటించిన పద్ధతి మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒకటి నుంచి సున్నా దాకా పది అంకెలకు పది అక్షరాలు కేటాయించుకుని, కొన్న ధరను ఆ అక్షరాలలో చీర అంచుకు గుచ్చిన అట్టముక్క మీద రాసేవారు. కొనేవారికి అది అర్థంలేని రాతగా కనిపించేది. బేరం జరుగుతున్నప్పుడు గుమాస్తా ఒక్క చూపులో ఎంతవరకు దిగవచ్చో తెలుసుకునేవాడు. ఆ అక్షరాల తాళంచెవి యజమాని తలలో, ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల తలలో మాత్రమే ఉండేది. ఐకియా పేర్లకూ, ఈ అట్టముక్కలకూ ప్రయోజనం ఒక్కటే. తేడా ఏమిటంటే, ఆ తలలన్నింటినీ ఒకే రాత్రిలో ఖాళీ చేయడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. ఆ తలల్లో ఉన్నదంతా కంప్యూటరులోకి చేరినప్పుడు వ్యాపారం ఎంతో పెరిగింది. అదే సమయంలో, అంతా ఒక్కసారిగా పోయే అవకాశం కూడా మొదటిసారి వచ్చింది.

ఇది జరిగితే ఎలా ఉంటుందో చెప్పడానికి మర్స్క్ కంపెనీ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకే దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. డెన్మార్క్‌కు చెందిన ఈ నౌకా రవాణా సంస్థ ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. మీరు జాతీయ రహదారి మీద చూసే ఇనుప కంటైనర్ల తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు రాసి ఉంటాయి. అదే ఆ పెట్టె పేరు. లోపల పరుపులున్నాయా, మందులున్నాయా, మాంసం కుళ్లిపోయేలోపు దించాలా అన్నది పెట్టెను చూస్తే తెలియదు. ఆ పేరును కంప్యూటరులో కొడితేనే తెలుస్తుంది. 2017 జూన్ 27న ఆ కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి నల్లబడ్డాయి. దీనికి కారణం కంప్యూటర్లను పాడుచేసే నాట్‌పెట్యా అనే ప్రోగ్రాము. అది మొదట ఉక్రెయిన్‌లో వ్యాపారులు పన్ను లెక్కలకు వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేరు అప్‌డేటుతో బయలుదేరింది. లెక్కల సాఫ్ట్‌వేరు మీద ఆధారపడి బతికే నావంటివారు ఈ ఒక్క సంగతి మరచిపోకూడదు. మర్స్క్‌కు ఉక్రెయిన్‌లో ఉన్న ఒక చిన్న కార్యాలయంలో ఆ సాఫ్ట్‌వేరు ఉండడం చాలింది. ఇది రష్యా సైన్యం చేసిన పని అని 2018 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు ప్రకటించాయి. అంటే మర్స్క్ మీద ఎవరికీ పగ లేదు, రెండు దేశాల గొడవలో ఆ సంస్థ నలిగిపోయింది.

ఓడలు చెక్కుచెదరలేదు, క్రేన్లు పనిచేస్తున్నాయి, డ్రైవర్లు సిద్ధంగా ఉన్నారు. అయినా రేవు ద్వారం దగ్గర లారీలు బారులు తీరాయి. ఏ పెట్టె ఎవరిదో చెప్పగలిగిన వాడు లేడు మరి. ఆ సంస్థ 10 రోజులలో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవలసి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని అంచనా వేసుకుంది. ఉద్యోగులు కాగితాలతో, ఫోన్లతో చాలా భాగం సరుకును నడిపించారు. ఆ మాట సంస్థ అధ్యక్షుడే 2018లో దావోస్ వేదిక మీద కృతజ్ఞతతో చెప్పారు.

ఇందులో ఇంకొక ఘట్టం ఉంది. సంస్థలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అధికారం ఉందో నమోదు చేసి ఉంచే సర్వర్లు ప్రపంచవ్యాప్తంగా సుమారు 150 ఉండేవి. ఒకటి పాడైతే మరొకటి ఆదుకుంటుందని అన్నింటినీ ఎప్పటికప్పుడు ఒకదానితో ఒకటి సరిచూసుకునేట్టు కలిపి ఉంచారు. కలిపి ఉండడం వల్లనే అన్నీ కలిసి పోయాయి. ఘానా దేశంలోని ఒక కార్యాలయంలో మాత్రం ఆ సమయానికి కరెంటు పోయింది. కరెంటు లేక ఆగిపోయిన ఆ ఒక్క యంత్రం మిగిలింది. అందులోని సమాచారాన్ని ఇంటర్నెట్టులో పంపుదామంటే అక్కడి కనెక్షను చాలా నెమ్మది. మనిషిని పంపుదామంటే అక్కడి ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేదు. చివరకు ఘానా నుంచి ఒక ఉద్యోగి నైజీరియా విమానాశ్రయం దాకా వెళ్లి హార్డ్ డిస్కును మరొక ఉద్యోగి చేతికి అందిస్తే, ఆయన దాన్ని ఇంగ్లండుకు చేర్చాడు. కరెంటు కోత కాపాడిన ఆ నకలు దొరకకపోతే ఆ సంస్థ కోలుకోవడానికి ఇంకెంత కాలం పట్టేదో. బ్యాకప్పు అనగానే చాలామంది ఒకటికి రెండు కాపీలు ఉన్నాయి కదా అంటారు. ఆ కాపీలు వైరుతో కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్న ప్రశ్న ముందు అడగాలి.

మన జిల్లాలోనే ఇది చూశాను. నేను లెక్కలు చూసే ఒక స్టీలు సామాను వ్యాపారి అంగడిలో ఒక ఉదయం కంప్యూటరు తెరిస్తే, ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని అక్షరాల తోక ఒకటి చేరి ఉంది. ఏ ఫైలూ తెరుచుకోలేదు. బ్యాకప్పు ఉందని గుమాస్తా ధైర్యంగా చెప్పాడు. ఆ హార్డ్ డిస్కు నెలల తరబడి అదే కంప్యూటరుకు గుచ్చి ఉండడం వల్ల అందులోని ఫైళ్లకు కూడా అదే తోక తగులుకుంది. మేము జీఎస్‌టీ పోర్టల్‌లో సరుకు అమ్మినవారి బిల్లులు కనబడే జీఎస్‌టీఆర్-2బి పట్టిక నుంచి కొనుగోళ్లు రాబట్టాము, దాఖలు చేసిన రిటర్నుల నుంచి అమ్మకాలలో చాలా భాగం తీశాము. పల్లెల్లోని చిల్లర అంగళ్ల వారు ఇవ్వవలసిన బాకీలు మాత్రం ఏ ప్రభుత్వ పోర్టల్‌లోనూ ఉండవు. వసూలుకు తిరిగే కుర్రవాడు తన చొక్కా జేబులో పెట్టుకునే చిన్న నోటుపుస్తకం ఆ బాకీలను కాపాడింది. అందులో కంపెనీ పేర్లు లేవు, ఊరి పేరు, మనిషి పేరు, తేదీ, పైకం మాత్రమే ఉన్నాయి. అంతే సరిపోయింది.

ఫైళ్లను తెరుచుకోకుండా బిగించి, విడిపించడానికి డబ్బు అడిగే ఈ తరహా బెదిరింపు కొత్తదేమీ కాదు. 1989లో జోసెఫ్ పాప్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో దాదాపు 20,000 ఫ్లాపీ డిస్కులను టపాలో పంపాడు. కంప్యూటరు కొన్ని సార్లు తెరిచాక ఫైళ్ల పేర్లు దాచేసి, 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టుబాక్సుకు పంపమనేది ఆ ప్రోగ్రాము. అప్పుడు వసూలు చేసుకోవడం కష్టం, దొరికిపోవడం సులభం. ఎవరికి చేరిందో సులభంగా తెలియని బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు వచ్చాక ఆ కష్టం తొలగింది. ఇప్పుడు ప్రోగ్రాము రాసేవాడు వేరు, దాన్ని అద్దెకు తీసుకుని చొరబడేవాడు వేరు, వచ్చిన సొమ్మును వాటాలుగా పంచుకుంటారు. ఫైళ్లు బిగించేముందు నకలు తీసుకుని, డబ్బు ఇవ్వకపోతే ఖాతాదారుల వివరాలు బయటపెడతామని రెండవ బెదిరింపు కూడా చేస్తారు. దాడులు పెరగడానికి ఈ ఆర్థిక ఏర్పాటే ప్రధాన కారణమని నా నమ్మకం.

ఇక వారు లోపలికి ఎలా వస్తారు? గోడ బద్దలుకొట్టి వస్తారని మనం అనుకుంటాము. చాలాసార్లు వారు వేరొకరి పేరు చెప్పి వస్తారు. 2021 నవంబరులో ఐకియా తన ఉద్యోగులను ఇలాంటి విషయంలోనే హెచ్చరించింది. సహోద్యోగి నుంచో, సరుకు ఇచ్చే సంస్థ నుంచో, అంతకుముందు జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలకే జవాబుగా వచ్చినట్టు మోసపు ఈమెయిళ్లు వచ్చాయి. పాత సంభాషణ కింద కనబడుతూ ఉంటే ఎవరు అనుమానిస్తారు? మన వస్త్ర వ్యాపారులకు సూరత్ నుంచి వచ్చే వాట్సాప్ సందేశాలలో మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఈ ఖాతాకు వేయండి అన్న సందేశం ఇదే జాతికి చెందింది.

అమెరికాలోని క్లోరాక్స్ సంస్థ ఉదంతం ఇంకా బాధాకరం. ఇళ్లలో వాడే బ్లీచింగు ద్రవం, చెత్త సంచులు, నీటి ఫిల్టర్లు అమ్మే సంస్థ అది. క్లోరిన్ పేరులో సగం, సోడియం హైడ్రాక్సైడ్ పేరులో సగం కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. 2023 ఆగస్టులో ఆ సంస్థ మీద దాడి జరిగింది. ఆర్డర్లు చేత్తో రాసుకోవలసి వచ్చింది, దుకాణాలలో సరుకు అరుదైపోయింది, ఆ మూడు నెలల అమ్మకాలు అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే 20 శాతం పడిపోయాయి. తమ ఉద్యోగులకు పాస్‌వర్డు సహాయం అందించే బాధ్యతను క్లోరాక్స్ కాగ్నిజెంట్ సంస్థకు అప్పగించింది. ఒక దొంగ ఫోను చేసి ఉద్యోగినని చెప్పగానే ఏ ధ్రువీకరణా అడగకుండా అక్కడివారు పాస్‌వర్డు ఇచ్చేశారని ఆరోపిస్తూ 2025 జూలైలో కాలిఫోర్నియా కోర్టులో 38 కోట్ల డాలర్ల నష్టానికి దావా వేసింది. తమకు అప్పగించిన పని పరిమితమైనదని, క్లోరాక్స్ భద్రత చూసే బాధ్యత తమది కాదని కాగ్నిజెంట్ బదులిచ్చింది. ఎవరిది తప్పో కోర్టు తేల్చవలసిన విషయం, నేను తీర్పు చెప్పబోను. అయితే ఈ సభలో కూర్చున్న విద్యార్థులలో కొందరు రేపు బెంగళూరులోనో హైదరాబాదులోనో అలాంటి హెల్ప్ డెస్కు కుర్చీలో కూర్చుంటారు. రాత్రి షిఫ్టులో, ఇన్ని నిమిషాలలో కాల్ ముగించాలన్న ఒత్తిడిలో, అవతలివాడు విసుక్కుంటూ తొందరపెడుతున్నప్పుడు, నిబంధన ప్రకారం మీ గుర్తింపు చెప్పండి అని నిలబడి అడగడం ఎంత కష్టమో యాజమాన్యాలు తెలుసుకోవాలి. ఆ ప్రశ్న అడిగిన ఉద్యోగికి కాల్ ఆలస్యమైందని మార్కులు తగ్గించే సంస్థ తన తలుపును తానే తెరిచి పెట్టుకుంటున్నది.

2025 సంవత్సరం ఈ విషయంలో ప్రపంచానికి గట్టి దెబ్బ. ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల సమయంలో బ్రిటన్‌లోని మార్క్స్ అండ్ స్పెన్సర్ మీద దాడి జరిగింది. ఏప్రిల్ 25న ఆన్‌లైన్ ఆర్డర్లు ఆపేసి, జూన్ 10న గానీ తిరిగి మొదలుపెట్టలేకపోయింది. లాభంలో సుమారు 30 కోట్ల పౌండ్లు నష్టపోతామని అంచనా ప్రకటించింది. ఇక్కడ కూడా దొంగలు ఒక బయటి సంస్థ ద్వారా, మరొకరి వేషంలో వచ్చారని సంస్థ అధ్యక్షుడు పార్లమెంటు సంఘానికి చెప్పారు. అదే రోజులలో కో-ఆప్ అనే సహకార దుకాణాల సంస్థ దాడి పూర్తయ్యేలోపు తన వ్యవస్థలను తానే ఆపేసుకుని కొంత కాపాడుకుంది. అయినా 65 లక్షలమంది సభ్యుల వివరాలు పోయాయి, అల్మరాలు ఖాళీ అయ్యాయి. స్కాట్లండు దీవులలో కొన్ని చోట్ల కిరాణా కొట్టు అంటే అదొక్కటే, అక్కడివారికి పాలు, రొట్టెలకే ఇబ్బంది వచ్చింది. సెప్టెంబరు 29న జపాన్‌లో అసాహి పానీయాల సంస్థ ఆర్డర్ల వ్యవస్థ ఆగిపోతే, అంత ఆధునికమైన దేశంలో ఫోను, ఫ్యాక్సు, చేతిరాత మీద సరుకు కదిలింది. అక్టోబరులో అస్కుల్ అనే సరఫరా సంస్థ మీద దాడి జరిగితే, దాని ద్వారా సరుకు పంపే ముజీ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాలు నిలిచిపోయాయి. ముజీ ఇంటి సామాను అమ్మేది బ్రాండు పేరు లేని మంచి సరుకు అనే ప్రచారంతో. ముజీ మీద ఎవరూ దాడి చేయలేదు, దాని పెట్టెలు మోసేవాడి మీద చేశారు. గ్రీసు, రుమేనియా వంటి దేశాలలో ఐకియా దుకాణాలు నడిపే ఫోర్లిస్ గ్రూపు కూడా 2024 నవంబరు 27న, సంవత్సరం మొత్తంలో అమ్మకాలు ఎక్కువగా ఉండే రోజులకు సరిగ్గా ముందు ఇలాంటి దాడికి గురై సుమారు 2 కోట్ల యూరోలు నష్టపోయింది. పండుగ ముందు రోజునే ఎంచుకోవడం యాదృచ్ఛికం అని నేను అనుకోను. దసరా, దీపావళి ముందు మన అంగళ్లకు కూడా అదే ప్రమాద సమయం.

అన్నింటికంటే మన జిల్లావాసులు శ్రద్ధగా వినవలసింది జాగ్వార్ ల్యాండ్ రోవర్ సంగతి. 2008లో టాటా మోటార్స్ కొన్న ఈ కార్ల సంస్థ 2025 సెప్టెంబరు మొదట్లో దాడి కారణంగా తన కర్మాగారాలన్నీ ఆపుకుంది. బ్రిటన్‌లో సెప్టెంబరు 1 కొత్త నంబరు ప్లేట్ల వరుస మొదలయ్యే రోజు, కొత్త కార్ల అమ్మకాలకు అది పెద్ద పండుగ. కార్లు షోరూములో నిలబడే ఉన్నాయి, కొనేవారు వచ్చారు, రిజిస్టరు చేసి నంబరు ఇవ్వడానికి వ్యవస్థ పనిచేయలేదు. అక్టోబరు రెండవ వారంలో గానీ ఉత్పత్తి మెల్లగా మొదలు కాలేదు. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు 190 కోట్ల పౌండ్ల నష్టం జరిగిందని, 5,000కు పైగా సంస్థలు దెబ్బతిన్నాయని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఉండవలసి వచ్చింది. ఆ 5,000 సంస్థలలో విడిభాగాలు చేసే చిన్నవాళ్లు కూడా ఉన్నారు. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ పక్కన, ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి, దాని చుట్టూ విడిభాగాల సంస్థలు, క్యాంటీన్లు, బస్సులు, అద్దె గదులు ఎన్ని పుట్టాయో మీకు తెలుసు. విడిభాగం అవసరమైన గంటకే రావాలన్న పద్ధతిలో నడిచే ఏ కార్ల కర్మాగారమైనా నెలరోజులు కంప్యూటర్లు లేక ఆగిపోతే, జీతం పోయేది ముందుగా గేటు బయట ఉన్న ఈ చిన్నవాళ్లకే. అందువల్ల ఇది పెద్ద కంపెనీల సమస్య, మనకెందుకు అనే మాట మన ప్రాంతంలో చెల్లదు.

వింత పేర్ల సరుకు గురించి ఇంకొక విషయం మిగిలింది. ఆన్‌లైన్‌లో దీపాలు, వంటింటి పరికరాలు, నిఘా కెమెరాలు కొనేవారు పలకడానికి వీల్లేని పెద్దక్షరాల పేర్లు చూసే ఉంటారు. అచ్చులు లేకుండా ఆరేడు అక్షరాలు కలిపి పెట్టిన పేర్లవి. అమెజాన్‌లో బ్రాండుగా నమోదు కావాలంటే ట్రేడ్‌మార్కు కావాలి. అర్థంలేని అక్షరాల గుంపు ఎవరి పేరుతోనూ ఢీకొనదు కాబట్టి దానికి ట్రేడ్‌మార్కు తొందరగా దొరుకుతుంది. చవకగా ఉండడం తప్పు కాదు, పేరు వింతగా ఉండడం కూడా తప్పు కాదు. ఐకియా పేర్లు కూడా మనకు వింతే. తేడా ఏమిటంటే, బిల్లీ అర విరిగితే ఎవరిని అడగాలో తెలుసు. ఆ అక్షరాల గుంపు వెనుక ఎవరున్నారో, ఆ కెమెరాలో లోపం బయటపడితే సరిచేసేవారు ఎవరో చాలాసార్లు తెలియదు.

2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఇలాంటి కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను వెతికి పట్టుకుంది. దానికి గొప్ప తెలివి అవసరం కాలేదు. కర్మాగారంలోనే పెట్టిన, కొన్నవారు ఎన్నడూ మార్చని పాస్‌వర్డులు దాదాపు 60 జతలు దాని దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కటిగా ప్రయత్నించింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా లోబడిన పరికరాలన్నీ కలిసి, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్టు చిరునామాలతో కలిపే డైన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే, అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. ఆ ప్రోగ్రామును రాసిన ముగ్గురు యువకులు 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నారు. పిల్లవాడి ఊయల మీద పెట్టిన కెమెరా ఆ ఇంటివారికి తెలియకుండానే ఒక పెద్ద సంస్థ మీద దాడిలో పాలుపంచుకుంటుందన్నమాట. ఇలాంటి ఒకే రకం పాస్‌వర్డులతో పరికరాలు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. మన ప్రభుత్వం కూడా నిఘా కెమెరాలకు భద్రతా పరీక్షలను 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. ఇది మంచి నిర్ణయమని, ధర కొంత పెరిగినా సమర్థించవలసినదని నా అభిప్రాయం. గడియార స్తంభం చుట్టుపక్కల అంగళ్లలో గల్లా పైన వేలాడే కెమెరాలలో ఎన్నింటి పాస్‌వర్డు బిగించిన మనిషి పెట్టినదే ఇంకా ఉందో, సభ ముగిశాక మీ మీ అంగళ్లకు వెళ్లి చూడండి.

మన దేశంలో కూడా ఉదాహరణలకు కొదువ లేదు. 2017 మేలో ఫైళ్లు బిగించి డబ్బు అడిగే వన్నాక్రై అనే ప్రోగ్రాము వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలో కొన్ని దాని బారిన పడ్డాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో సర్వర్లు ఆగిపోతే దాదాపు రెండు వారాలు కాగితం మీదే రోగుల నమోదు నడిచింది. 2024 జూలై చివరలో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సాంకేతిక సేవల సంస్థకు దెబ్బ తగిలితే, దాని మీద ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకులను, అంటే ఎక్కువగా సహకార, గ్రామీణ బ్యాంకులను, చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీయవలసి వచ్చింది. అలా విడదీయడం వల్ల మిగతా వ్యవస్థ నిలబడింది.

చట్టం వైపు రెండు మాటలు చెబుతాను. సైబర్ దాడుల విషయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటలలోపు తెలియజేయాలి, కంప్యూటరులో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైళ్లను 180 రోజులు భద్రపరచాలి. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పరువు పోతుందని దాచిపెట్టే అలవాటు మన వ్యాపారులలో బలంగా ఉంది. అది నాకు తెలుసు, ఆ బాధను అర్థం చేసుకోగలను. అయితే 2019లో నార్వేలోని నార్స్క్ హైడ్రో అనే అల్యూమినియం సంస్థ దాడి జరిగిన రోజునే అందరికీ చెప్పి, దొంగలకు పైసా ఇవ్వకుండా, కాగితాల మీద పని నడుపుకుంటూ నిలదొక్కుకుంది. దాని వాటాదారులు, కొనుగోలుదారులు దాన్ని వదిలిపోలేదు.

ఇక అంగడి యజమాని చేయగలిగిన పనులకు వస్తాను. లెక్కల కాపీ వారానికి ఒకసారైనా విడి డిస్కులోకి తీసి, వెంటనే వైరు ఊడదీసి, వేరే చోట, ఇంట్లో బీరువాలో పెట్టండి. అంగడిలో అందరికీ ఒకే పాస్‌వర్డు ఉండే పద్ధతి మానండి, గుమాస్తా పని మానేసిన రోజునే అతని పేరు వ్యవస్థ నుంచి తీయించండి. ఖాతా మారిందన్న సందేశం ఎవరి పేరుతో వచ్చినా, ఆ సందేశంలో ఉన్న నంబరుకు కాకుండా, మీ పాత బిల్లు మీద అచ్చయిన నంబరుకు ఫోను చేసి గొంతు విన్న తర్వాతే పైకం వేయండి. అవతలివారు చిన్నబుచ్చుకుంటారని మొహమాటపడకండి, నిజమైన వ్యాపారి సంతోషిస్తాడు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ సొమ్మును ఆపే అవకాశం తగ్గిపోతుంది.

చివరగా ఒక పని నా వద్ద లెక్కలు చూపించుకునే వారందరితో చేయిస్తున్నాను, మీరూ చేయండి. వ్యాపారం మందంగా ఉండే ఒక రోజు ఎంచుకుని, ఆ పూటంతా కంప్యూటరు తెరవకుండా అంగడి నడపండి. ధరల పట్టిక కాగితం మీద ఉందా, బిల్లు పుస్తకం ఎక్కడ ఉంది, బాకీల జాబితా చివరిసారి ఎప్పుడు అచ్చు తీశారు, స్టాకు ఏ అరలో ఉందో గుమాస్తాకు తెలుసా అన్నవి ఆ ఒక్క పూటలో బయటపడతాయి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే నెల లెక్కలకు వచ్చినప్పుడు ఆ కాగితం కూడా తెండి, కూర్చుని ఒక్కొక్కటిగా సరిచేద్దాము. విద్యార్థులకు ప్రశ్నలేమైనా ఉంటే ఇప్పుడు అడగవచ్చు.